మెట్టు నొక్కిన నేమగును? – హార్మోనియము, పియానో, కీబోర్డుల లోపలి సంగతి

పిల్లలకు సంగీతము చెప్పించు తలిదండ్రులు మాతో తరచుగా చెప్పుకొను బాధలు మూడు. "మా యింటి హార్మోనియములో ఒక మెట్టు నొక్కకయే మ్రోగుచున్నది" అనునది మొదటిది. "పియానో మెట్టు దిగినచోటనే నిలిచిపోవుచున్నది" అనునది రెండవది. "కీబోర్డులో ఒక స్వరము మాత్రము ఉన్నట్టుండి అరచినట్లు వచ్చుచున్నది" అనునది మూడవది. బాధలు వేరైనను దానిపై ఇంటివారు చెప్పు తీర్పు మాత్రము ఒక్కటే: పిల్లవాడు సరిగా సాధన చేయుటలేదు, లేదా వస్తువు పాడైనది గనుక అమ్మివేయవలెను. ఈ రెండు తీర్పులును చాలవరకు తప్పు. లోపము సాధారణముగా చిన్నది. అది ఎక్కడనున్నదో కనుగొనుటకు మాత్రము మెట్టు వెనుక నేమి జరుగుచున్నదో కొంత తెలిసియుండవలెను. ఆ కొంత చెప్పుటకే ఈ వ్యాసము.

మూడు వాద్యములకును ముఖము ఒక్కటే. ఒక్కొక్క స్థాయికి ఏడు తెల్ల మెట్లు, అయిదు నల్ల మెట్లు, ఎడమనుండి కుడికి పోనుపోను హెచ్చు శ్రుతి. ముఖము ఒక్కటి గనుక లోపలను ఒక్కటే యని మనము అనుకొందుము. కాని హార్మోనియములో మెట్టు గాలికి తలుపు తీయును. పియానోలో మెట్టు ఒక సుత్తిని విసరును. నేటి విద్యుత్ కీబోర్డులో మెట్టు ఎంత వేగముగా దిగినదో ఒక యంత్రము కాలము లెక్కించును. పని వేరు గనుక వచ్చు రోగములు వేరు, మందులును వేరు.

మెట్టు అను మాటనుగూర్చి ఒక చిన్న ముచ్చట. తమిళములో దానిని కట్టై యందురు. కట్టై యనగా కొయ్య. మన పిల్లలు బడిలో తమిళ బాలురతో కలిసి పాడునపుడు "నాకు అయిదు కట్టై, నీకు ఒకటిన్నర" యని చెప్పుకొనుట వినుచుందుము. మొదటి తెల్ల మెట్టు ఒకటి, దాని ప్రక్కనున్న నల్ల మెట్టు ఒకటిన్నర, తరువాతి తెల్ల మెట్టు రెండు. తెలుగువారు ఒకటిన్నర శ్రుతి, రెండు శ్రుతి యనుటయు ఈ లెక్కయే. హార్మోనియమును శాస్త్రీయ సంగీతమునకు పనికిరాదని త్రోసిపుచ్చిన గాయకులు కూడ తమ శ్రుతిని చెప్పుకొనుటకు దాని మెట్లనే లెక్కించుచున్నారు!

ఇక హార్మోనియము సంగతి. 1840 ప్రాంతమున పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబెన్ అను నతడు ఈ పేరుతో ఒక వాద్యము చేసెను. అది కుర్చీపై కూర్చుండి రెండు కాళ్లతో తిత్తి త్రొక్కుచు వాయించు పెద్ద పెట్టె. నేలపై చాపవేసి కూర్చుండు మన దేశమునకు అది తగదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ గారు తిత్తిని పెట్టె వెనుకకు మార్చి, ఒక చేత గాలి కొట్టుచు మరొక చేత వాయించు చేతి హార్మోనియమును తయారుచేసిరి. అది భజనమందిరములకును, నాటకరంగమునకును ఎంత త్వరగా వ్యాపించెనో చెప్పనలవి కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి నాటకములలో గాని, తెలుగు దేశమంతట నడచిన పద్యనాటకములలో గాని హార్మోనియము లేక తెర లేవదు. నటుడు రాగము తీయగా ఆ రాగమును అందుకొని ముగింపువరకు మోయునది అదియే. మనకు దక్షిణముననున్న సెంగోట్టై కిట్టప్ప (1906–1933) తమిళ రంగస్థలమును పాటతో ఏలిన రోజులలో ఆయన సోదరులు కాశి అయ్యరుగారు హార్మోనియమున కూర్చుండెడివారు.

దాని లోపలి యేర్పాటు తేలిక. వెనుకనున్న తిత్తిని కొట్టగా గాలి లోపలనున్న మరొక తిత్తిలోనికి పోవును. లోపలి తిత్తిని స్ప్రింగులు ఎల్లప్పుడు అణచుచుండును గనుక చేయి ఒక క్షణము ఆగినను గాలి ఆగదు. గాలి రీడుల గదిలో నిండి, బయటికి దారిలేక కాచుకొనియుండును. ప్రతి మెట్టుక్రిందను పలకలో ఒక రంధ్రము, ఆ రంధ్రముపై మెత్తని తోలు అతికిన మూత కలవు. మెట్టు ముందు భాగమును నొక్కినచో మూత లేచును. గాలి రీడుగుండ దూసికొనిపోవును. రీడనగా ఇత్తడి చట్రములో ఒక కొస బిగించిన ఇత్తడి నాలుక. నాలుకకును చట్రమునకును నడుమ సందు వెంట్రుకవాసి మాత్రమే. గాలి ఆ సందున పోవునపుడు నాలుక చట్రములోనికిని బయటికిని ఆడును. పొట్టి నాలుక త్వరగా ఆడి హెచ్చు శ్రుతిని, పొడుగు నాలుక నెమ్మదిగా ఆడి తగ్గు శ్రుతిని ఇచ్చును.

ఇందు గమనింపవలసిన దొకటి. మెట్టును ఎంత బలముగా కొట్టినను స్వరము పెద్దది కాదు. తలుపు తెరచుటయే మెట్టు పని. స్వరము హెచ్చుతగ్గులు తిత్తి కొట్టు చేతిలో నున్నవి. కావున హార్మోనియముపై వ్రేళ్లు బాదు పిల్లవానికి "మెల్లగా" యని చెప్పినచో, ఏ చేయి మెల్లగా యని కూడ చెప్పవలెను.

నొక్కకయే మ్రోగు మెట్టు సంగతి ఇప్పుడు సులభముగా తెలియును. మూత రంధ్రముపై సరిగా కూర్చుండుటలేదు, అంతే. దూది పోగో, బియ్యపు గింజయో అడ్డుపడి యుండవచ్చును. మెట్టును మూయు తీగ స్ప్రింగు సడలియుండవచ్చును. వానకాలపు చెమ్మకు కొయ్య ఉబ్బి ప్రక్క మెట్టుతో రాచుకొనుచుండవచ్చును. పై చట్రము మరలు విప్పి, ఆ మెట్టును ఎత్తి, మూతయు తోలును మెత్తని కుంచెతో తుడిచినచో పదింట ఏడెనిమిది సార్లు రోగము కుదురును. నూలుమిల్లులును గాజుగుడ్డ తయారుచేయు చోటులును ఉన్న మన యూరిలో దూది ధూళి దేనిలోనైనను దూరును. వాయించుట ముగియగానే మూతపెట్టి గుడ్డకప్పుట అలవాటు చేయవలెను.

మెట్టు నొక్కినను స్వరము రానిచో దాదాపు ఎల్లపుడును రీడు నాలుకకును చట్రమునకును నడుమ నలుసు పడినదని యర్థము. పలుచని కాగితపు అంచుతో నాలుకను మెల్లగా కదిపినచో నలుసు రాలును. సూదితో గాని బ్లేడుతో గాని పొడువరాదు. నాలుక కొసను గీరినచో శ్రుతి హెచ్చును, మొదలునొద్ద గీరినచో తగ్గును. తెలిసినవారు శ్రుతి చేయునది అట్లే. తెలియనివారు గీరినచో పోయిన ఇత్తడి మరల రాదు.

తిత్తికి చిల్లి పడినదో లేదో చూచుటకు ఒక ఉపాయము. ఏ మెట్టును నొక్కక, తిత్తిని నిండుగా కొట్టి, చేయి ఆపి చూడుడు. లోపలి తిత్తి నెమ్మదిగా దిగినచో మంచిదే. చేయి తీసినంతనే కుంగిపోయినచో గాలి ఎచ్చటనో పోవుచున్నది. అది ఎక్కువగా ఎలుక పని.

హార్మోనియముపై పెద్దల ఆక్షేపణ యొకటి కలదు. దానిని దాటిపోరాదు. మెట్టుకును మెట్టుకును నడుమ స్థలము లేదు. గాయకుడు ఒక స్వరమునుండి మరొక స్వరమునకు జారుచు, ఊగుచు పోవు గమకమును ఈ తలుపుల వరుస ఇయ్యజాలదు. మనకు ఆగ్నేయమున, కోవిల్పట్టి దాటిన పిమ్మట వచ్చు ఎట్టయాపురమున సుబ్బరామ దీక్షితులవారు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శినిని తెలుగు లిపిలో వెలువరించిరి. మన సీమలో, మన లిపిలో అచ్చైన ఆ మహాగ్రంథములో గమకములకై ప్రత్యేకముగా గుర్తులు కల్పింపబడినవి. ఆ గ్రంథరచనకు దీక్షితులవారిని ప్రోత్సహించిన చిన్నస్వామి మొదలియారుగారు 1893లో మన కీర్తనలను ఐరోపా స్వరలిపిలో అచ్చు వేయ నారంభించినవారే. మెట్ల వాద్యమునకు సరిపోవు లిపి తెలిసిన ఆ పెద్దమనిషియే గమకపు గుర్తులుగల గ్రంథమునకు ప్రేరకుడగుట మాకు మిక్కిలి అర్థవంతముగా తోచుచున్నది. ఇక ఆల్ ఇండియా రేడియోవారు 1940 మార్చి 1వ తేదీనుండి హార్మోనియమును తమ కేంద్రములనుండి వెలివేసిరి. 1971లో ఆ కట్టుబాటు కొంత సడలినది. ఇన్నేండ్లును నాటకమువారు, భజనవారు దానిని వదలలేదు. పద్యమునకు శ్రుతి నిలుపుటకు, పసిపిల్లకు స్వరస్థానము చెవినెక్కించుటకు అది చాలును. మన పిల్లలలో చాలమందికి తెలుగు పద్యము చెవినబడునది ఈ పెట్టె ప్రక్కన కూర్చున్న గంటలోనే. దానిపై గమకము నేర్వవలెననుకొనుట మాత్రము అత్యాశ.

పియానో మన యిండ్లలో అరుదు. దానినిగూర్చి వ్రాయుటెందుకని అడుగవచ్చును. నేడు పిల్లలకు కొనిపెట్టు ప్రతి కీబోర్డును పియానోను అనుకరింపజూచునదే. అసలు తెలియక నకలు మంచిచెడ్డలు తెలియవు. అదిగాక పాశ్చాత్య సంగీత పరీక్షలకు పోవు పిల్లలకు అక్కడ ఎదురగునది నిజమైన పియానోయే కావచ్చును. పాత తెలుగు, తమిళ చిత్రములలో కథానాయకుడు పియానోయెదుట కూర్చుండి పాడు పాట లేకుండుట అరుదు. తెరపై ఆయన వ్రేళ్లు ఒకచోట, మనకు వినబడు స్వరము మరొకచోట. ఆ దృశ్యములు చూచి పియానోయు హార్మోనియమువలె తాకినంత మాత్రమున పాడునని మనవారు భ్రమపడిరి.

పియానోకు ముందు ఐరోపాలో వాడుకలోనున్న హార్ప్సికార్డు అను తీగల వాద్యములో మెట్టు నొక్కినచో ఒక చిన్న ములుకు తీగను మీటెడిది. గట్టిగా నొక్కినను మెల్లగా నొక్కినను ధ్వని యొక్కటే. ఇటలీలో ఫ్లారెన్సు నగరమున మెడిచీ రాకుమారుని వాద్యశాలను చూచుచుండిన బార్తొలొమియో క్రిస్తొఫోరి 1700 ప్రాంతమున మీటుటకు బదులు సుత్తితో కొట్టు యేర్పాటు చేసెను. మెల్లగాను గట్టిగాను పలుకునది యని దానికి పేరు వచ్చెను. ఆ పేరులో మెల్లగా యను మాటయైన పియానో మాత్రము నేడు మిగిలినది. ఆయన చేసినవానిలో మూడు నేటికిని న్యూయార్కు, రోము, లైప్‌జిగ్ నగరముల ప్రదర్శనశాలలలో నున్నవి.

సుత్తితో కొట్టుట తేలికయని తోచును. ఇంటిలో గంటను కొట్టి చూడుడు. కొట్టిన పుల్లను గంటకే ఆనించియుంచినచో నాదము చచ్చును. కొట్టిన వెంటనే పుల్ల వెనుకకు రావలెను. కాని పియానోలో వ్రేలు మెట్టుపై ఇంకను నొక్కియేయున్నది. వ్రేలు నొక్కియుండగనే సుత్తి తీగనుండి తొలగవలెను. క్రిస్తొఫోరి ప్రతిభ సుత్తిలో లేదు, ఈ తొలగుటలో నున్నది. జొన్నచేలలో పిట్టలను తోలు వడిసెలను తలచుకొనిన అర్థమగును. చేయి వడిసెలను త్రిప్పును, ఒక క్షణమున కొసను విడుచును. అటుపై రాయి తనంతట పోవును. చేయి రాతివెంట పోదు. పియానో సుత్తియు అట్లే తుది క్షణమున స్వేచ్ఛగా ఎగిరి తీగను తాకి, తిరిగి పడును.

ఇది యెట్లు జరుగునో చెప్పెదము. మెట్టు బావియొద్ద ఏతమువంటిది. నడుమ ఒక ఆనిక. ముందు దిగగా వెనుక లేచును. వెనుక కొస ఒక చిన్న కొయ్య చేతిని ఎత్తును. ఆ చేతిపై నిలిచిన జాక్ అను సన్నని కొయ్య సుత్తి మొదలును త్రోయును. మెట్టు దిగునది 10 మిల్లీమీటర్లు మాత్రమే, సుత్తి పోవునది సుమారు 45 మిల్లీమీటర్లు. వేగమును ఆ నిష్పత్తిలోనే హెచ్చును. సుత్తి తీగకు ఇంక 2 మిల్లీమీటర్ల దూరముననుండగా జాక్ కాలు ఒక మొట్టికాయకు తగిలి ప్రక్కకు తప్పుకొనును. అదియే విడుపు. తిరిగివచ్చు సుత్తిని ఒక మెత్తని దిండు పట్టుకొని ఆపును. లేనిచో అది ఎగిరి మరల కొట్టును. ఇంతలో తీగపై ఎల్లపుడు ఆనియుండు ఉన్ని దిండు, దానినే డాంపరందురు, మెట్టుతోపాటు లేచి తీగను పాడనిచ్చును. మెట్టు వదలగానే మరల ఆని నాదమును ఆపును. 88 మెట్లకు ఈ యేర్పాటు 88 మారులు. సుమారు 230 తీగలు, అవి యన్నియు కలిసి లాగు బలము పదునెనిమిది టన్నులకు తక్కువ కాదు; దానిని మోయుటకు పోతయినుము చట్రము. ఇంత బలముగల పెట్టె పసిపిల్ల చిటికెనవ్రేలికి లోబడుట విడుపు మహిమ.

పియానో చూచు అవకాశము దొరికినచో మెట్టును మిక్కిలి నెమ్మదిగా నొక్కి చూడుడు. స్వరము రాదు! తుదిని వ్రేలికి చిన్న తట్టు తగులును. అది లోపము కాదు; వేగము లేనందున సుత్తి ఎగురలేదు, ఆ తట్టు జాక్ తప్పుకొనుట. ఈ సంగతి తెలియక ఒక మంచి వాద్యమును పనికిరాదని వదలివచ్చినవారిని మేమెరుగుదుము.

బల్లవలె పరచియుండు గ్రాండు పియానోలో సుత్తి క్రిందినుండి పైకి లేచి తన బరువుచేతనే దిగును. గోడకానించు నిలువు పియానోలో తీగలు నిలువుగా నుండుటచే సుత్తి ముందుకు పోవును. వెనుకకు తెచ్చుటకు స్ప్రింగులును చిన్న పట్టీలును కావలెను. 1821లో సెబాస్టియన్ ఎరార్డు గ్రాండు పియానోకు చేసిన సంస్కారమువలన మెట్టు పూర్తిగా పైకి రాకమునుపే మరల కొట్టవచ్చును. నిలువు పియానోలో మెట్టు ఇంకను పైకి రావలెను గనుక ఒకే స్వరమును వడిగా కొట్టుట కష్టము. నిలువు పియానోపై ఆ కష్టమునకు పిల్లను తప్పుపట్టరాదు.

పియానోకు శత్రువులు మూడు: చెమ్మ, పురుగు, నూనె. మొదటి రెండు అందరెరిగినవే. మెట్టు ఆనికలు, సుత్తి తలలు, సుత్తి తిరుగు ఇరుసుల పొదుగులు, డాంపర్లు, ఇవి యన్నియు ఫెల్టుతో, అనగా నొక్కి గట్టిపరచిన ఉన్నితో చేసినవి. చిమటపురుగులకు ఉన్ని విందు. అక్టోబరు, నవంబరు మాసములలో ఈశాన్యఋతువు వానలు పట్టినపుడు కొయ్యయు ఫెల్టును ఉబ్బి ఇరుసులు బిగియును, మెట్లు నెమ్మదించును. చైత్రవైశాఖముల ఎండలో కొయ్య ఎండి తీగలు చుట్టిన మేకులు సడలి శ్రుతి దిగును. ఒక వారము మెట్లు బిగిసి, వాన వెలసిన పిమ్మట తామే కుదిరినచో ఎవ్వరిని పిలువ నక్కరలేదు.

మూడవ శత్రువు మన యూరికి ప్రత్యేకము. మిల్లులు నడచు పట్టణమున ఏ యంత్రము కిర్రుమన్నను మొదటి మందు నూనెచుక్క. తిరుగు కదురుకు అది ప్రాణము, పియానోకు విషము. నూనె ఫెల్టులో ఇంకి, ధూళిని పట్టి, కొన్నినాళ్లకు బంకవలె గట్టిపడును. కొయ్య నూనె త్రాగి ఉబ్బును. అంతవరకు వానలకు మాత్రము బిగిసిన మెట్టు అటుపై ఏడాది పొడుగున బిగియును. కుట్టుమిషను నూనెయైనను, కొబ్బరినూనెయైనను ఫలితమొక్కటే. బాగుచేయువాడు ఇరుసులన్నియు ఊడదీసి ఫెల్టు మార్చవలసివచ్చును.

మెట్టు నిలిచిపోయినపుడు నిలువు పియానో పైమూత తెరచి ఆ మెట్టు సుత్తిని చూడవలెను. సుత్తి తిరిగివచ్చి మెట్టు మాత్రము దిగియున్నచో దోషము మెట్టులోనిది: కొయ్య ఉబ్బినది, లేదా రెండు మెట్ల సందున పెన్సిలు ముక్కయో కాసో పడినది. సుత్తియే తీగయొద్ద నిలిచియున్నచో, లేక వ్రేలితో త్రోసి వదలినను బద్ధకముగా వచ్చుచున్నచో, దోషము ఇరుసులోనిది. వ్రేలు తీసినను స్వరము ఆగనిచో డాంపరు ఆనుటలేదు. ఒకమారు నొక్కగా రెండుమారులు మ్రోగినచో సుత్తిని పట్టుకొను దిండు గాని విడుపు దూరము గాని తప్పినది. ఈ నాలుగింటిలో ఏదో చెప్పగలిగినచో బాగుచేయువాడు మధురనుండి గాని చెన్నైనుండి గాని వచ్చునపుడు తగిన సామగ్రితో వచ్చును.

పియానోకును నేటి కీబోర్డుకును నడుమ ఒక తరము వాద్యములు గడచినవి. 1950 దశకము నడుమ అమెరికాలో వుర్లిట్జరువారు చేసిన విద్యుత్ పియానోలో సుత్తి తీగను కాక ఉక్కు రీడును కొట్టును. 1965లో వాడుకకు వచ్చిన ఫెండర్ రోడ్సులో సుత్తి సన్నని ఉక్కు కడ్డీని కొట్టును. కడ్డీయెదుటనున్న అయస్కాంతపు చుట్ట ఆ కదలికను విద్యుత్తుగా మార్చి లౌడుస్పీకరుకు పంపును. సుత్తులు, డాంపర్లు పియానోలోవంటివే గనుక రోగములును అవియే. కడ్డీ విరుగుట మాత్రము కొత్త. పాత కర్మాగారములలో వాని తయారీ 1980 దశకమున ఆగినది. వాని నాదమును నేటి కీబోర్డులు బొత్తాము నొక్కిన వినిపించుచున్నవి.

నేటి కీబోర్డులో మ్రోగు వస్తువేదియు లేదు. ముందే పట్టి దాచిన ధ్వనిని వినిపింపుమని మెట్టు ఆజ్ఞ యిచ్చును. ఎంత గట్టిగా నొక్కితిమో దానికెట్లు తెలియును? మెట్టుక్రింద రబ్బరు గుమ్మటములుండును. ఒక్కొక్క దానిలో రెండు కార్బను బిళ్లలు, ఒకటి కొంచెము ముందుగా, మరొకటి కొంచెము వెనుకగా క్రింది పలకను తాకునట్లు అమర్చియుండును. మొదటిది తాకినపుడు కాలము లెక్కింప నారంభమగును. రెండవది తాకినపుడు ఆగును. కాలము తక్కువైనచో వేగముగా కొట్టితిరని స్వరమును పెద్దది చేయును. ఈ వేగమును 1 మొదలు 127 వరకు అంకెలుగా వ్రాయుట 1983లో వాద్యముల తయారీదారులందరును ఒప్పుకొనిన పద్ధతి. బలమును కాక వేగమును కొలచుట సరియైన పనియే. పియానోలోను సుత్తి పోవు వేగమే ధ్వనిని నిర్ణయించును.

ఇప్పుడు మూడవ ఫిర్యాదు విడిపోవును. ఒక బిళ్లపై ధూళియో, చెమ్మయో, ఒలికిన కాఫీయో చేరినచో అది ఆలస్యముగా తాకును. మొదటి బిళ్ల ఆలస్యమై రెండవది సకాలమున తాకినచో నడుమ కాలము తక్కువగా కనబడి యంత్రము మోసపోవును. పిల్ల మెల్లగా నొక్కినను స్వరము అరచును. ఒక బిళ్ల అసలే తాకనిచో స్వరము రాకపోవచ్చును. మందు: విద్యుత్తు తీసివేసి, పెట్టె విప్పి, రబ్బరు పట్టీని తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన దూదితో పలకను మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరిన పిమ్మట బిగించుట. కార్బను బిళ్లను గీరరాదు. సెల్‌ఫోను బాగుచేయు ఓపికగల యువకుడెవరైనను ఈ పని చేయగలడు. ఒక మెట్టు కాక వరుసగా చాల మెట్లు మూగపోయినచో రబ్బరు కాదు, లోపలి తీగపట్టీ ఊడియుండును. ఏమియు పలుకనిచో ముందు చూడవలసినది గోడనుండి వచ్చు అడాప్టరు.

ఇంతకంటె పెద్ద సంగతి యొకటి కలదు. చవుక కీబోర్డులలో కొన్నిటికి రెండు బిళ్లలు లేవు, ఒక్కటే. వేగము వానికి తెలియదు. ఎట్లు నొక్కినను ఒకే ధ్వని. మేమెరిగిన ఒక బాలిక మూడేండ్లు అట్టి 61 మెట్ల కీబోర్డుపై శ్రద్ధగా నేర్చుకొని, పరీక్షకు పోయి, మొదటిసారి నిజమైన పియానోయెదుట కూర్చుండెను. మెల్లగా వాయింపవలసినచోట సగము స్వరములు పలుకలేదు, మిగిలినవి గుద్దినట్లు వచ్చినవి. ఆ పిల్ల ఏడ్చుచు ఇంటికి వచ్చి మరల కూర్చుండనని మొండికెత్తెను. ఆమె మూడేండ్లు తలుపులు తెరచుట నేర్చినది, అక్కడ వడిసెల విసరమన్నారు. తలిదండ్రులు కూడ కూతురికి శ్రద్ధ చాలదనిరి. వాద్యమును అడిగినవారు లేరు.

కావున కొనుటకు ముందు, ఇందులో ఎన్నివందల ధ్వనులున్నవి, ఎన్ని తాళములున్నవి యని అంగడివానిని అడుగుట మాని, మెట్టును పరీక్షింపవలెను. ఒకే మెట్టును మెల్లగాను వేగముగాను నొక్కినచో ధ్వని మారవలెను. మారనిచో అది పద్యమునకు శ్రుతిగా, పాటకు తోడుగా పనికివచ్చును. పియానో నేర్చుటకు పనికిరాదు. పాఠశాల ప్రార్థనకు, నాటకమునకు అట్టిది చాలును. అనవసరముగా ఎక్కువ సొమ్ము పెట్టవలదు.

పియానో పాఠమే ఉద్దేశమైనచో మెట్టుకు బరువు కావలెను. మంచి విద్యుత్ పియానోలలో తీగలు లేకున్నను మెట్టు వెనుక చిన్న సుత్తి బరువులను అమర్చుదురు. నిజమైన పియానో నడుమ మెట్టు దిగుటకు సుమారు 50 గ్రాములు కావలెను. మన పది రూపాయల నాణెము సుమారు 7.7 గ్రాములు. ఆరేడు నాణెములను ఒకదానిపై నొకటి పేర్చి తెల్ల మెట్టు ముందంచున పెట్టి చూడుడు. మెట్టు నెమ్మదిగా దిగినచో బరువు సరియే. రెండు నాణెములకే కూలినచో బరువు లేదు. అంగడివాడు నవ్వినను నష్టము లేదు, నాణెములు మెట్ల సందున పడకుండ మాత్రము చూచుకొనవలెను.

పాత పియానో ఎవరైనను అమ్మజూపినచో పైమూత తెరచి టార్చిలైటుతో సుత్తి తలలను చూడుడు. ఫెల్టుపై తీగల గాళ్లు పడియుండుట సహజము, లోతుగా కోసుకొనిపోయినచో మార్పింపవలెను. మూలలందు పురుగు పొడియు, ఎలుక చించిన ఉన్నియు కనబడినచో వెల మరల మాటాడవలెను. 88 మెట్లను ఒక్కొక్కటిగా నొక్కి, ఏది నిలిచెనో, ఏది రెండుమారులు పలికెనో కాగితముపై వ్రాసికొనుడు. ఈ పరీక్ష వానరోజున చేసినచో మరి మంచిది, ఎండరోజున దాగిన బిగువు అప్పుడే బయటపడును. ఇంటికి తెచ్చిన పిమ్మట కిటికీకి ఎదురుగా గాని, వంటగది గోడకు గాని ఆనింపరాదు. గోడకును దానికిని నడుమ ఒక జానెడు విడిచి, పైని పలుచని నూలుదుప్పటి కప్పి, పూలకుండీని మాత్రము వేరొకచోట పెట్టుకొనవలెను.